ఆటల్లో కొత్తదనం గురించి రాస్తున్న అమ్మాయికి

అనంతపురం

తల్లీ,

నీ వ్యాసం చదివాను. చెయ్యి తిరుగుతోంది, వాక్యం ఎక్కడా తడబడలేదు, అందుకే మొహమాటం లేకుండా చెప్తున్నాను: ఈ రూపంలో దాన్ని ఏ పత్రికకూ పంపొద్దు. ఇప్పటి వీడియో గేముల్లో కొత్తదనం లేదు, అన్నీ ఒకదానికొకటి కాపీలే అని మొదటి పేరాలో అన్నావు, మధ్యలో అన్నావు, చివర్లో ఇంకోసారి అన్నావు. కానీ ఏ గేము దేన్ని చూసి పుట్టింది, ఏం తీసుకుంది, ఏం వదిలేసింది, ఏం మార్చింది అన్నది ఒక్క చోట కూడా చెప్పలేదు. కొత్తదనం చచ్చిపోయిందన్న మాట సినిమాల గురించి అన్నారు, పాటల గురించి అన్నారు, కవిత్వం గురించైతే ప్రతి తరమూ అంటూనే ఉంది. నువ్వు అదే మాట తీసుకుని గేములకు తగిలించావు. నీ కోపం నిజమైనదే, అది నాకు నచ్చింది, దాన్ని వదులుకోమనట్లేదు. దానికి ఆధారం పట్టుకురా అంటున్నాను.

కాపీ ఈ కాలంలో పుట్టిన జబ్బు అని రాశావు, అది తప్పు. 1972లో అటారీ వాళ్ళ పాంగ్ వచ్చింది, తెర మీద రెండు గీతలు, మధ్యలో చుక్క లాంటి బంతి. అదే ఏడాది మాగ్నవాక్స్ ఒడిస్సీ అనే యంత్రంలో రాల్ఫ్ బేర్ చేసిన టేబుల్ టెన్నిస్ ఆట కూడా వచ్చింది. మాగ్నవాక్స్ కోర్టుకెక్కింది, 1976లో రాజీ కుదిరి అటారీ డబ్బు కట్టి లైసెన్సు తీసుకుంది. ఈలోపు పాంగ్‌ను చూసి అలాంటివే దించిన కంపెనీలు ఎన్నో. అంటే ఈ వ్యాపారం మొదలైందే కాపీ తగాదాతో. తర్వాత 1993లో డూమ్ వచ్చాక, తుపాకీ పట్టుకుని నడిచే ప్రతి ఆటనూ కొన్నేళ్ళపాటు డూమ్ క్లోన్, అంటే డూమ్ నకలు, అనే పిలిచారు. ఆ గుంపులోంచే 1998లో హాఫ్ లైఫ్ వచ్చి, ఆట ఆపేసి సినిమా ముక్క చూపించకుండా కథంతా ఆడేవాడి కళ్ళ ముందే నడిపించింది, ఆ తర్వాత మెల్లగా ఆ క్లోన్ అనే పిలుపే పోయింది.

పబ్జీని ఒక్క వాక్యంలో కొట్టిపారేశావు చూడు, అక్కడ నాకు బాధేసింది. మన ఆర్ట్స్ కాలేజీ గ్రౌండులో గోడ మీద వరసగా కూర్చుని ఫోన్లలోకి తలలు దించేసే పిల్లలకు కూడా దాని సంగతి నీ వ్యాసంలో ఉన్నదానికంటే ఎక్కువ తెలుసు. 2020 సెప్టెంబరులో దేశంలో నిషేధించారు, మరుసటి ఏడాది బీజీఎంఐ అని పేరు మార్చుకుని వచ్చింది, అది వేరే కథ. దాని పుట్టుక చూడు. మనుషుల్ని ఒక దీవిలో వదిలేసి చివరికి ఒక్కరే మిగలాలి అన్న ఆలోచన ఒక జపాన్ నవలది, 2000లో దాన్ని సినిమాగా కూడా తీశారు. బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ ఆయన ఆ ఆలోచన తీసుకున్నాడు. ఆర్మా 2 అనే సైనిక ఆటకు ఇంకొకరు చేసిన మోడ్, అంటే ఉన్న ఆటనే మార్చి చేసుకున్న రూపం, ఒకటి ఉంటే, దాని మీద తన మోడ్ కట్టాడు. అంటే అరువు మీద అరువు. ఆడేవాళ్ళు ప్రాణాలతో ఉండాలంటే చేరాల్సిన సురక్షితమైన చోటును చతురస్రంగా పెట్టాలనుకున్నాడు, అంత కోడింగ్ రాక వలయం పెట్టి సరిపెట్టుకున్నాడు. 2017లో పబ్జీలోకి వచ్చింది ఆ వలయమే. అది ముడుచుకుంటూ వస్తుంటే పొదలో దాక్కున్నవాడు కూడా లేచి పరిగెత్తాల్సిందే, పరిగెత్తితే ఎవరికో ఒకరికి కనపడాల్సిందే, ఆ టెన్షనే ఆటకు ప్రాణం. ఇవన్నీ తెలిశాక కూడా నువ్వు దాన్ని కాపీ అనొచ్చు, నాకు అభ్యంతరం లేదు, కానీ అప్పుడు ఆ మాటకు బరువుంటుంది.

నిజంగా కోప్పడాల్సిన చోటు కావాలంటే ఒకటి చూపిస్తాను. 2014 ఫిబ్రవరిలో త్రీస్ అనే అంకెల ఆట వచ్చింది. చేసినవాళ్ళు ఏడాదికి పైగా దాని మీదే కూర్చున్నారు, ఒకటీ రెండూ కలిస్తే మూడు, ఆపైన సమానమైన అంకెలే కలవాలి, ఒక్కో కదలికకు అంకెలు ఒక్క గడి దూరమే జరగాలి, ఇలా ప్రతి రూలునూ మార్చి మార్చి చూసుకున్నారు. నెల కాస్త దాటేసరికి, మధ్యలో 1024 అని ఇంకొకటి వచ్చి, దాన్ని చూసి ఒక కుర్రాడు వారాంతంలో చేసేసిన 2048 ఉచితంగా దొరికింది. ప్రపంచమంతా దాన్నే ఆడింది. 2048లో అంకె అటు చివరిదాకా జారిపోతుంది, పెద్ద అంకెను ఒక మూలకు తోసి అక్కడే కాపాడుకుంటే చాలాదూరం వెళ్ళొచ్చు, త్రీస్‌లో అంత తేలిగ్గా కుదరదు. తీసుకున్నది చాలా, కలిపింది తక్కువ, పైగా లోతు తగ్గింది. ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు, డబ్బు కోసం చెయ్యలేదు, అది కూడా రాయాలి. అయినా నా తీర్పు త్రీస్ చేసినవాళ్ళ వైపే.

ఇక డబ్బు సంగతి. నీ వ్యాసంలో ఆధునిక ఆటలు అన్న ప్రతిచోటా పెద్ద పెట్టుబడి ఆటలు అని మార్చి చదువు, సగం వాక్యాలు నిజమైపోతాయి. వందల మంది అయిదారేళ్ళు పనిచేసి, వందల మిలియన్ల డాలర్లు ఖర్చుపెట్టే చోట, నిరుడు ఆడిన పద్ధతినే ఈ ఏడాదీ ఆడిద్దాం అనుకోవడంలో వింతేమీ లేదు. దాంతో గట్టెక్కుతారన్న నమ్మకం కూడా లేదు. 2024 ఆగస్టు 23న సోనీ కాంకర్డ్ అనే ఆట విడుదల చేసింది, జట్లుగా తుపాకులతో పోట్లాడుకునే ఆటల్లో 2016లో ఓవర్‌వాచ్ వేసిన దారిలోనిదే, జనం రాలేదు, సెప్టెంబరు 6 కల్లా మూసేసి కొన్నవాళ్ళకు డబ్బు వాపసిచ్చారు. అదే 2024లో దాదాపు ఒక్క మనిషే చేసిన బలాట్రో వచ్చింది, ఎప్పటివో పేకముక్కలు, పోకర్ లెక్కలు, కానీ ఒక్కో జోకరు ఒక్కో రూలును తలకిందులు చేస్తుంటే పేక ఇలా కూడా ఆడొచ్చా అనిపిస్తుంది. ఆ ఒక్క ఏడాదిలో, కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణంలోకి వచ్చిన ఆటలు 18 వేలకు పైగా. కొత్తవి రావట్లేదని రాయాలంటే ఆ రాశిలో కాస్తయినా చెయ్యి పెట్టి వెతికి ఉండాలి కదా.

పేపర్స్ ప్లీజ్ ఆడావా? ఆడకపోతే ముందు ఆ పని చెయ్యి. 2013లో లూకస్ పోప్ చేసిన ఆట. ఒక కల్పిత దేశం సరిహద్దులో నువ్వు గుమాస్తావి. కిటికీ వెనక కూర్చుంటావు, మనుషులు వరసలో వస్తారు, పాస్‌పోర్టు, పర్మిట్ తెచ్చి నీ బల్ల మీద పెడతారు, పేరు, తేదీ, ఫోటో, ముద్ర సరిచూసి ఎర్ర స్టాంపో ఆకుపచ్చ స్టాంపో వెయ్యాలి. అంతే. ఎంతమందిని చూస్తే అంత జీతం, ఆ జీతంలోంచే ఇంటి అద్దె, తిండి, చలికి వేడి, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మందులు. ఒక రోజు ఒకాయన వస్తాడు, కాగితాలన్నీ సరిగ్గా ఉంటాయి, స్టాంపు వేస్తావు, వెళ్తూ వెళ్తూ నా వెనకే మా ఆవిడ ఉంది, కాస్త దయ చూడండి అంటాడు. ఆవిడ వస్తుంది. ఆవిడ దగ్గర పర్మిట్ లేదు. లోపలికి పంపిస్తే నీ మీద తప్పు రాస్తారు, తప్పులు ఎక్కువైతే జీతంలో కోత పడుతుంది, ఆ రాత్రి ఇంట్లో ఎవరో చలికి వణకాలి.

విడివిడిగా చూస్తే ఇందులో ఏదీ కొత్తది కాదు. రెండు కాగితాల మధ్య తేడా పట్టుకోవడం పిల్లల పత్రికల్లో ఉండేదే, టైము తక్కువ పని ఎక్కువ అన్నది హోటల్ నడిపే ఫోన్ గేముల్లో ఉన్నదే. వాటిని తెచ్చి ఆ కిటికీ దగ్గర పెట్టేసరికి, ఆవిడను వెనక్కి పంపిన బరువు నీ మీద పడుతుంది. నవల్లో అయితే గుమాస్తా చేశాడు అనుకుని పేజీ తిప్పుతాం, ఇక్కడ స్టాంపు వేసింది నీ వేలే. ఏ ఆట గురించి రాసినా ఆడేవాడి చేత ఏం చేయిస్తోంది, చేశాక వాడికేమవుతోంది అన్నది చూడు. గ్రాఫిక్స్ గురించి నువ్వు రాసిన రెండు పేరాలూ తీసేసినా నష్టం లేదు.

నీది ధర్మవరం అన్నావు, కాబట్టి నిమ్మలకుంట గురించి నేను చెప్పక్కర్లేదు. తోలుబొమ్మల ఊరు, అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. మేకతోలు గీకి పల్చగా చేసి, బొమ్మ గీసి, నగలు ఉండాల్సిన చోట సన్న సన్న రంధ్రాలు కొట్టి, రంగులు వేసి తెర వెనక దీపం పెడితే, ఆ రంధ్రాల్లోంచి వచ్చే వెలుతురే నగల్లా మెరుస్తుంది. కథ రామాయణమే, సీతను ఎవరెత్తుకుపోతారో చూసే ప్రతివాళ్ళకూ తెలుసు. అయినా తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు, ఎందుకంటే మధ్యలో నవ్వించే బొమ్మలు జుట్టుపోలిగాడూ బంగారక్కా దూరి ఆ ఊరి మాటలు, ఆ ఏటి కరువు, అక్కడ కూర్చున్నవాళ్ళ సంగతులు మాట్లాడేవాళ్ళు. పుణెలో నాడింగ్ హెడ్స్ అనే చిన్న సంస్థ 2020లో తెచ్చిన రాజీ అనే ఆటలో కథ చెప్పే చోట తోలుబొమ్మల నీడలాటనే వాడుకున్నారు. దూకడాలు, గోడలెక్కడాలు మాత్రం ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినవాళ్ళకు తెలిసినవే. నేనైతే అది చూపులో కొత్తది, ఆడటంలో పాతది అంటాను. అలా విడదీసి చెప్పగలగాలి నువ్వు. మన పాత గుళ్ళ మండపాల్లో బండల మీద పులిజూదం గళ్ళు చెక్కి ఉంటాయి కదా, కొన్ని పులులు ఒక వైపు, చాలా మేకలు ఇంకో వైపు, ఇద్దరి బలం వేరు, ఇద్దరి పని వేరు. 2016లో వచ్చిన డెడ్ బై డేలైట్‌లో ఒక హంతకుడు, తప్పించుకోవాల్సిన నలుగురు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎవరైనా తెలుగులో వ్యాసం రాస్తే చదవాలని నాకెప్పటినుంచో ఉంది.

ఇప్పుడు నీ రెండో సంగతి. ఉత్తరం కింద చిన్న అక్షరాల్లో రాశావు, మన వైపు రైతు మీద ఒక ఆటకు కథ రాద్దామనుకున్నానని, స్టార్‌డ్యూ వ్యాలీ అనే సేద్యం ఆట ముందే వచ్చేసింది కాబట్టి మానేశానని. వ్యాసం కంటే ఆ నాలుగు లైన్లే నన్ను పట్టుకున్నాయి. ఎందుకు మానెయ్యాలి? స్టార్‌డ్యూ వ్యాలీ ఎక్కడి నుంచి వచ్చింది? 1996లో మొదలైన జపాన్ వాళ్ళ హార్వెస్ట్ మూన్ అంటే ఎరిక్ బరోన్‌కు ప్రాణం, అది రానురాను తనకు నచ్చినట్టు ఉండట్లేదని నాలుగేళ్ళకు పైగా ఒక్కడే కూర్చుని బొమ్మలు, సంగీతం, కోడు అన్నీ తనే చేసుకుని 2016లో విడుదల చేశాడు. ఎవరి దగ్గర తీసుకున్నాడో ఎప్పుడూ దాచలేదు.

ఆ ఆటను మన కళ్ళతో ఆడి చూడు. విత్తనం వేస్తావు, చెరువు దగ్గరికెళ్ళి క్యాన్ ముంచుతావు, నీళ్ళొస్తాయి, ఎన్నిసార్లు ముంచినా వస్తాయి. వాన పడితే ఆ రోజు నీళ్ళు పోసే పని తప్పుతుంది. నీళ్ళు లేకపోవడం అన్నదే అక్కడ లేదు. ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే సీమలో పుట్టిన పిల్లవి, ఆ లోటు నీ కంట పడకపోతే ఇంకెవరి కంట పడుతుంది? పదును కోసం మొగులు చూస్తూ కూర్చోవడం, పడిన ఒక్క వానకే వేరుశనగ విత్తేయాలా, ఇంకో వానకు ఆగాలా అని ఇంట్లో తర్జనభర్జన, విత్తాక సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటెయ్యడం. ఆ తర్వాత బోరు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పొలమంతా నడిచి పాయింటు చూపించే ఆయన, అడుగుకు ఇంత అని మాట్లాడుకున్న బండి, రాత్రంతా మోత. మూడొందల అడుగులు దింపినా దుమ్మే లేస్తోంది, ఇంకో యాభై దింపితే పడొచ్చు అంటాడు బండి ఆయన. ఇప్పటిదాకా పెట్టింది పోయిందనుకుని ఆపెయ్యాలా, ఇంకొంచెం అప్పు తెచ్చి దింపాలా? పడిందే అనుకో, పక్క పొలంలో ఆయన ఇంకా లోతుగా వేస్తే నీ బోరు ఎండిపోతుంది, అప్పుడు నువ్వూ లోతుకు వెళ్తావా, ఆయనతో కూర్చుని మాట్లాడుకుంటావా? ఏ గేమ్ డిజైనరూ గదిలో కూర్చుని ఇంత గట్టి చిక్కును కల్పించలేడు. రైతు కష్టాల మీద డైలాగులు రాయకు, కన్నీళ్ళ సీను అస్సలు వద్దు. ఇంకో యాభై అడుగులు దింపే బటన్ ఆడేవాడి చేతికివ్వు, కింద నీళ్ళున్నాయో లేదో చెప్పకు.

ఇలాంటిది ఎవరు ఆడతారు అంటావేమో. 2023లో వెన్బా అనే ఆట వచ్చింది, కెనడాకు వలసపోయిన తమిళ కుటుంబం, చిరిగిపోయిన పాత వంటల పుస్తకం, అందులో చెరిగిపోయిన మెట్లను ఊహించుకుని ఇడ్లీలు వండాలి. ఇంట్లో ఇడ్లీ పాత్ర లేని దేశాల్లో కూడా దాన్ని ఆడారు. కోడు రాదన్న భయం కూడా వద్దు, 2007లో పేరు తెచ్చుకున్న పోర్టల్‌కు మూలం కొందరు విద్యార్థులు కాలేజీ ప్రాజెక్టుగా చేసిన ఆటే. నువ్వు ముందు రూలు కాగితం మీద రాసి, చింతపిక్కలు పెట్టుకుని మీ ఇంట్లోవాళ్ళతో ఆడించి చూడు, కోడు రాసే స్నేహితులు ఆ తర్వాత దొరుకుతారు.

వ్యాసం మాత్రం మొదటి నుంచి రాయి. నువ్వు చివరిదాకా ఆడిన ఒక్క ఆటనే తీసుకో, వినికిడి మీద ఒక్క వాక్యం కూడా వద్దు. అది ఎవరి నుంచి తీసుకుందో ఓపిగ్గా వెనక్కి వెళ్ళి వెతుకు, చేసినవాళ్ళ పేరు, వచ్చిన ఏడాది తప్పకుండా వెయ్యి, మన పత్రికల్లో సినిమాకు దర్శకుడి పేరు వేసేవాళ్ళు ఆటకు మాత్రం వెయ్యరు, ఆ అలవాటు నీతోనైనా మొదలవ్వాలి. నచ్చకపోతే నచ్చలేదనే రాయి, మెత్తబడొద్దు. ఆట కథ ఆలోచన కూడా ఒక పేజీలో పెట్టి వ్యాసంతో పాటే పంపు. బోరు బండి మీద పనిచేసే ఆయన మీ వీధిలోనే ఉన్నాడని రాశావు కదా, అడుగుకు ఇప్పుడు ఎంత తీసుకుంటున్నారో, లోతు పెరిగే కొద్దీ రేటు ఎలా మారుతుందో, నీళ్ళు పడకపోతే ఏమైనా తగ్గిస్తారో కనుక్కో. ఆటలో లెక్కలన్నీ దాని మీదే కట్టాలి.

ఆశీస్సులతో