డాక్టర్ సలహా: థర్మోస్టాట్‌లో ఫ్యాన్ మార్చాక తుమ్ములు ఎందుకు?

ప్రశ్న: మా ఇల్లంతటికీ సెంట్రల్ ఏసీ ఉంది. గాలి బాగా తిరుగుతుందని నెల కిందట థర్మోస్టాట్‌లో ఫ్యాన్‌ను ‘ఆటో’ నుంచి ‘ఆన్’కి మార్చాం. అప్పటి నుంచి పొద్దున లేవగానే వరసగా తుమ్ములు, ముక్కు దిబ్బడ. దుప్పట్లు కూడా చల్లగా, జిగటగా ఉంటున్నాయి. కారణం ఫ్యానేనా?

జవాబు: మీ ఉత్తరంలో నాకు ముందుగా కనిపించింది తుమ్ములు కాదు, జిగటగా ఉన్న దుప్పట్లు. ‘ఆటో’లో ఏసీ చల్లబరుస్తున్నంతసేపే ఫ్యాన్ తిరుగుతుంది. ‘ఆన్’లో కంప్రెసర్ ఆగినా అది ఆగదు. గాలిలోని తేమ ఏసీ లోపలి చల్లటి గొట్టాల చుట్ట (కాయిల్) మీద నీరై ట్రేలోకి, అక్కడి నుంచి గొట్టంలోకి పోవాలి. కంప్రెసర్ ఆగాక కూడా ఫ్యాన్ తిరుగుతుంటే కాయిల్ మీద మిగిలిన నీరు ఆవిరై మళ్లీ గదిలోకే వస్తుంది. తడి బట్టను ఫ్యాన్ కింద ఆరేసినట్టే అన్నమాట.

తేమ 50 శాతం దాటితే పరుపుల్లో కంటికి కనిపించని డస్ట్ మైట్స్ అనే పురుగులు బాగా పెరుగుతాయి, 60 దాటితే బూజు. రాత్రంతా వాటి మధ్య పడుకుంటే అలర్జీ ఉన్నవారికి పొద్దున్నే ముక్కు మొరాయిస్తుంది. అలర్జీయేనని పరీక్షించకుండా తేల్చలేను గానీ, ఈ లక్షణాలు దానికి సరిపోతున్నాయి.

ముందు ఫ్యాన్‌ను ‘ఆటో’లో పెట్టండి. మంచం పక్కన తేమను కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఉంచి, వారం పాటు పడుకునే ముందూ లేచాకా తేమ రాసుకోండి. 30 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. పక్కబట్టలు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీటిలో ఉతకండి. ఫిల్టర్ తీసి చూడండి, బూడిద రంగు పొర కట్టి ఉంటే మార్చేయండి. కొత్తది పెట్టేటప్పుడు దాని అంచు మీద బాణం గుర్తు ఫ్యాన్ యంత్రం వైపు ఉండాలి. ‘ఆన్’లో గాలి ఎక్కువసేపు వడపోతకు వెళ్తుంది కాబట్టి ఫిల్టర్ త్వరగా నిండుతుంది. అంగుళం మందం ఫిల్టర్‌ను నెలనెలా చూసుకోవాలి. గాలి వచ్చే చోట ముక్కిపోయిన వాసన వస్తుంటే నీరు పోయే గొట్టం పూడుకుందేమో మెకానిక్‌తో చూపించండి.

‘ఆన్’ ఎప్పుడూ తప్పని కాదు. బయట పొగ కమ్మినప్పుడు, సన్నటి కణాలను కూడా పట్టే మెర్వ్ 13 స్థాయి ఫిల్టర్‌ను మీ యంత్రం తట్టుకోగలిగితే, కొన్ని గంటలు ‘ఆన్’ మేలు చేస్తుంది. కొన్ని థర్మోస్టాట్‌లలో ‘సర్క్యులేట్’ ఉంటుంది. అందులో ఫ్యాన్ ప్రతి గంటలో కాసేపే తిరుగుతుంది. హీటర్ వాడే చలికాలంలో కథ తిరగబడుతుంది: తేమ 30 శాతం కన్నా తగ్గి, ముక్కు ఎండి రక్తం రావచ్చు.

ముక్కుకు ఉప్పునీటి స్ప్రే నిరభ్యంతరంగా వాడొచ్చు. దిబ్బడను వెంటనే వదిలించే చుక్కల మందు మాత్రం అయిదు రోజులు మించకూడదు, ఆ మందే తిరిగి దిబ్బడ తెస్తుంది. మూడు వారాల్లో తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపించుకోండి. పిల్లికూతలు, ఆయాసం, జ్వరం ఉంటే అంతవరకు ఆగొద్దు. గ్యాస్ హీటర్ నడుస్తుండగా ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే మాత్రం ఇది ఫ్యాన్ సంగతి కాదు, కార్బన్ మోనాక్సైడ్ కావచ్చు. వెంటనే అందరూ బయటికి వచ్చి, అక్కడి నుంచే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.