కారు సీటులో పాలు ఒలికితే: గుడ్డ కాదు, స్పాంజి సంగతి చూడండి

కారు ఫ్యాబ్రిక్ సీటు మీద పాలు ఒలికి వారమైంది, షాంపూతో రెండుసార్లు కడిగినా తలుపు తీస్తే పులిసిన కంపు కొడుతోంది, ఏం చేయాలి అని రాశారు. ఆ కంపుతో నేను నెల రోజులు తిరిగాను.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పోయిన వానాకాలం పాతపట్నంలో అత్తగారింటి నుంచి రెండు లీటర్ల పాల క్యాను వెనక సీటు మీద పెట్టుకుని వస్తున్నాను. స్పీడ్ బ్రేకర్ దగ్గర క్యాను పడింది, మూత ఊడింది. మర్నాడు తీరిగ్గా బకెట్టెడు వేడినీళ్లు, సర్ఫు తీసుకుని కూర్చున్నాను. అదే కొంప ముంచింది. పులుపెక్కిన పాలకు వేడి తగిలితే విరిగి, ఆ ముద్ద దారాలకు పట్టేస్తుంది. మా ఊళ్లో మిఠాయి కొట్టువాళ్లు ఛెనా (పాల విరుగుడు) చేసేది దాదాపు ఇలాగే. ఆపైన ఆరుతుందని అద్దాలు మూసి ఎండలో పెట్టాను. ఛెనాను కాల్చి చేసే మిఠాయి, ఛెనాపోడో కూడా తయారైంది! నిమ్మ వాసన డబ్బా ఒకటి తగిలిస్తే, బరంపురం చేరేదాకా మా ఆవిడ ముక్కు మీంచి చెంగు తీయలేదు.

చివరికి వాషింగ్ సెంటర్‌లో ఒడియా కుర్రాడు సీటు కుట్టు దగ్గర బొటనవేలితో గట్టిగా అదిమాడు. నేను ముందురోజే మళ్లీ కడిగి ఉన్నాను. వేలి చుట్టూ తెల్లటి నీళ్లు ఊరాయి. "ఆగ్యా, మీరు గుడ్డ కడిగారు. పాలు స్పాంజిలో ఉన్నాయి" అన్నాడు.

అందుకని ఇంకా నీళ్లు పోయకండి, ఉన్నవి లాగేయండి. నీళ్లు పీల్చే వెట్ వాక్యూమ్ ఒక పూటకు అద్దెకు తీసుకున్నా చాలు. చల్లనీళ్లు కొద్దిగా చల్లడం, అదిమి పీల్చడం, డబ్బాలోకి తేటనీళ్లు వచ్చేదాకా ఇదే పని. తర్వాత ఎంజైమ్ క్లీనర్, అంటే కంపు పుట్టించే మురికిని విడగొట్టే ద్రావణం. కుక్కల మూత్రం వాసన పోవడానికి పెంపుడు జంతువుల షాపుల్లో అమ్ముతారు, సీసా మీద ఎంజైమ్ అని ఉందో లేదో చూసుకోండి. రంగు పోతుందేమో ముందు సీటు అడుగున ఒక చుక్క వేసి చూడండి. పాలు ఎంత లోతుకు దిగాయో అదీ అంత లోతుకు దిగాలి. పైన పాలిథిన్ కవరు కప్పి రాత్రంతా ఆరకుండా ఉంచి, పొద్దున్న మళ్లీ పీల్చేయాలి. నాకు రెండు విడతలు పట్టింది.

వంటసోడా పై వాసనకు పనికొస్తుంది కానీ లోపలికి దిగదు. వెనిగర్‌తో కలిపితే బుస్సుమని పొంగుతుంది, చూడ్డానికి బాగుంటుంది. రెండూ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి, అంతే.

ఆరబెట్టడం మాత్రం బద్ధకించకండి. మా మహేంద్రగిరి వైపు వానల్లో తడి స్పాంజికి బూజు పట్టడం ఎంతసేపు! తలుపులన్నీ తెరిచి టేబుల్ ఫ్యాను రెండు రోజులు వదలండి. అప్పటిదాకా సీటు కవరు తొడగొద్దు.

మీది ఏ సీటో రాయలేదు. చాలా చిన్న కార్లలో వెనక సీటు అడుగు భాగం సులువుగానే ఊడి వస్తుంది, బయట పెట్టి ఆరబెట్టుకోవచ్చు. ముందు సీటైతే సొంతంగా విప్పకండి. దాని కింద పసుపు రంగు కనెక్టర్ ఉంటే అది ఎయిర్‌బ్యాగ్‌ది. ఆ పని మెకానిక్‌కే వదిలేయండి.