వెన్నుపాము గాయాలకు ఫిజియోథెరపీ: ఆన్‌లైన్ కోర్సులు చాలా?

గాజువాకలో ఫిజియో క్లినిక్ నడుపుతున్నానని, బిల్డింగ్ మీంచి పడిన ఒక కుర్రాడు (టీ10, కంప్లీట్, అంటే వీపు భాగంలో పదో లెవెల్లో వెన్నుపాము పూర్తిగా దెబ్బతింది) వస్తున్నాడని, కాలేజీలో సరిగ్గా నేర్పలేదు కాబట్టి టెన్షన్‌గా ఉందని మీరు రాశారు. ఆన్‌లైన్‌లో నేర్చుకుంటే సరిపోతుందా అని అడిగారు. నా వరకు సగం సరిపోయింది. ఆ సగం మాత్రం చాలా విలువైనది.

కొన్నేళ్ల కిందట మధురవాడ వైపు ఇళ్లకు వెళ్లి ఫిజియో చేసేదాన్ని. అనకాపల్లి దగ్గర తాటిచెట్టు మీంచి పడిన గీత కార్మికుడు ఒకాయన కూతురింట్లో ఉండేవారు. సీ6 గాయం, అంటే మెడ భాగంలో ఆరో లెవెల్లో. వేళ్లు ముడుచుకుపోతున్నాయని రోజూ మణికట్టు వెనక్కి వంచి, వేళ్లను కూడా పూర్తిగా చాపి బాగా లాగేదాన్ని. కూతురు సంతోషించేది, నేనూ మంచి పని చేస్తున్నాననే అనుకున్నాను. రెండు వారాల తర్వాత ఒక ఆన్‌లైన్ పాఠంలో టెనోడెసిస్ పట్టు గురించి చూశాను. సీ6లో వేళ్లను కదిపే కండరాలు పనిచేయవు, మణికట్టును పైకెత్తే కండరాలు పనిచేస్తాయి. వేళ్లను ముడిచే కండరాలు (ఫ్లెక్సర్లు) కొంచెం బిగువుగా ఉంటే, మణికట్టు ఎత్తగానే వేళ్లు వాటంతటవే ముడుచుకుని బొటనవేలు చూపుడువేలికి ఆనుతుంది. ఆయనకు మిగిలింది ఆ పట్టు ఒక్కటే. దాన్నే నేను రోజూ లాగి వదులు చేస్తున్నాను! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పి, పద్ధతి మార్చాను. వేళ్లు చాపేటప్పుడు మణికట్టు కిందికి, మణికట్టు ఎత్తేటప్పుడు వేళ్లు ముడిచి. కొన్ని నెలలకు ఆయన ఇడ్లీ ముక్క సొంతంగా నోట్లో పెట్టుకున్నారు.

నేను చూసిన ఆ పాఠం ఈలెర్న్ ఎస్‌సీఐ సైట్లోది. ఇంటర్నేషనల్ స్పైనల్ కార్డ్ సొసైటీ వాళ్లు 2012లో ప్రారంభించారు, ఉచితం. డాక్టర్లకు, నర్సులకు, ఫిజియోలకు వేర్వేరు మాడ్యూళ్లు ఉంటాయి. మీరు ఫిజియో మాడ్యూల్‌తో మొదలుపెట్టకండి. ముందు చర్మం, మూత్రం, బీపీ పాఠాలు చూడండి. పేషెంటును డాక్టరు కంటే ఎక్కువసార్లు చూసేది మనమే కదా.

ముఖ్యంగా ఆటోనామిక్ డిస్‌రిఫ్లెక్సియా. టీ6, ఆ పైన గాయమైనవాళ్లకు ఉన్నట్టుండి తల పగిలిపోయేంత నొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు, బీపీ పెరగడం. వీళ్లకు మామూలుగానే బీపీ తక్కువ కాబట్టి పై బీపీ 130 చూసి నార్మల్ అనుకుంటే పొరపాటే. తలనొప్పి అనగానే పడుకోబెట్టాలనిపిస్తుంది, అది అస్సలు చేయకూడదు. లేపి కూర్చోబెట్టి, బట్టలు, బెల్టు వదులు చేసి, యూరిన్ పైపు మెలిక పడిందేమో, బ్యాగు నిండిందేమో చూడాలి. బీపీ తగ్గకపోతే ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి. మీ కుర్రాడిది టీ10 కాబట్టి ఈ బెడద ఉండకపోవచ్చు, కానీ తర్వాత వచ్చేవాళ్లది ఏ లెవెలో!

వ్యాయామాలకు ఫిజియోథెరపీ ఎక్సర్‌సైజెస్ డాట్ కామ్ చూడండి. సిడ్నీ ఫిజియోలు తయారుచేసింది, ఇదీ ఉచితమే. బొమ్మలతో ప్రింటు తీసి ఇవ్వొచ్చు. పాడేరు, శ్రీకాకుళం వెళ్లిపోయే కుటుంబాలకు బొమ్మ కింద నేను తెలుగులో రాసిస్తాను. అక్కడ చేసేది భార్యో తల్లో, ఫిజియో కాదు.

ఇక ఆన్‌లైన్‌లో రానిది ట్రాన్స్‌ఫర్, అంటే పేషెంటును మంచం నుంచి వీల్‌చైర్లోకి మార్చడం. మనిషి బరువు మన చేతుల మీదికి ఎప్పుడు వాలుతుందో వీడియో చెప్పలేదు. కేజీహెచ్‌లోనో విమ్స్‌లోనో (విశాఖ ప్రభుత్వాసుపత్రులు) తెలిసిన సీనియర్లుంటే అనుమతి తీసుకుని సెలవు రోజు వెళ్లి పక్కన నిలబడండి. గాయం లెవెల్, తీవ్రత తేల్చే ఏషియా పరీక్షను ముందు తోటి ఫిజియో మీద చేసి చూడండి, మలద్వారం దగ్గరి ఎస్4-5 భాగం వదిలేయకుండా నేర్చుకోండి. కంప్లీటా కాదా తేలేది అక్కడే.

కుర్రాడి విషయానికొస్తే, హామ్‌స్ట్రింగ్స్ (తొడ వెనక కండరాలు) నిదానంగా సాగదీయండి, కాళ్లు చాపుకుని కూర్చోవాలంటే ఆ పొడవు కావాలి. నడుమును మాత్రం మరీ వదులు చేయొద్దు, ఆ కొంచెం బిగువే కూర్చున్నప్పుడు అతణ్ని పడిపోకుండా ఆపుతుంది. ఒరుపుడు పుండ్లు పడకుండా, వీల్‌చైర్లో ఉన్నంతసేపూ పావుగంటకో అరగంటకో ఒకసారి ముందుకు వంగి రెండు నిమిషాలు అలా ఉండటం రేపే అలవాటు చేయండి. ఫోన్లో అలారం పెట్టించండి.