బతికున్న కణం పొరను చూసే పరిశోధనకు దారి

ప్రశ్న: ఖమ్మంలో బీఎస్సీ మైక్రోబయాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. ఈస్ట్ కణం అంచు ఎర్రగా వెలిగి, ఆ వెలుగు మెల్లగా లోపలికి పోయే వీడియో చూసినప్పటి నుంచి ఇలాంటి పరిశోధనే చేయాలని ఉంది. మా కాలేజీలో ఇలా కాంతితో రంగును వెలిగించి చూపే ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ లేదు. ఉద్యోగం వస్తుందా అని నాన్నగారికి టెన్షన్. ఏం చేయమంటారు?

జవాబు: మీరు చూసినది బహుశా ఎఫ్ఎం 4-64 అనే రంగు. నీళ్లలో దాదాపు వెలగదు, కణం పొరలోని కొవ్వులో చేరగానే వెలుగుతుంది. ఈస్ట్‌ను మంచులో పెడితే రంగు అంచు దగ్గరే ఆగుతుంది. వెచ్చబడితే పొర చిన్న చిన్న సంచుల్లా లోపలికి మడుచుకుంటూ రంగును తీసుకెళ్తుంది. సుమారు గంటకు రిక్తిక (వాక్యూల్, కణం లోపలి పెద్ద సంచి) చుట్టూ ఎర్రటి ఉంగరం కనిపిస్తుంది.

అయితే రంగును వెలిగించే కాంతే కణాన్ని దెబ్బతీస్తుంది కూడా. పొరలో కనిపించిన మార్పు మీరిచ్చిన మందు వల్లా, కాంతి వల్లా, రంగు వల్లా? ఇది తేల్చే కంట్రోల్స్ (పోలిక కోసం పక్కన పెట్టే ప్రయోగాలు) ఆలోచించడమే ఈ పనికి ప్రాణం. ఈ అలవాటు ఇప్పుడే చేసుకోండి.

ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్ లేదని ఆగకండి. బేకరీ ఈస్ట్, మిథిలీన్ బ్లూ, మామూలు మైక్రోస్కోప్ చాలు. బతికున్న కణాలు రంగు లేకుండా ఉంటాయి, చచ్చినవి నీలంగా మారతాయి. 60 డిగ్రీల నీళ్లలో 5, 10, 15 నిమిషాలు ఉంచిన ఈస్ట్‌లో నీలి కణాలు ఎన్నో లెక్కపెట్టండి. వేడి చేయని ఈస్ట్‌నూ పక్కన పెట్టి చూడటం మరవద్దు. ఫోన్‌తో ఫొటోలు తీసి, ఉచితంగా దొరికే ఫిజీ సాఫ్ట్‌వేర్‌లో కొలవండి. తర్వాత పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్చుకోండి. బయాలజీ పిల్లలు లెక్కలకు భయపడి ఇక్కడే వెనకబడతారని నాకు బాధ.

ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్, సీయూఈటీ పీజీ, గాట్-బి ప్రవేశ పరీక్షలు రాయండి. పీహెచ్‌డీకి దూరం వెళ్లక్కర్లేదు. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ, టీఐఎఫ్ఆర్ పరిశోధన సంస్థలు, సెంట్రల్ యూనివర్సిటీ ఉన్నాయి. కణం పొరల మీద పేరున్న మరో చోటు బెంగళూరులోని ఎన్‌సీబీఎస్ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థ.

నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పండి. సొంత పరిశోధనకు పీహెచ్‌డీ తప్పదు, దానికి ఐదేళ్ల పైనే పడుతుంది. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు, పైన ఇంటి అద్దె భత్యం. ఎమ్మెస్సీతో ఆపితే సంస్థల ఇమేజింగ్ విభాగాల్లో, మైక్రోస్కోప్ కంపెనీల్లో అప్లికేషన్ స్పెషలిస్టుగా అవకాశాలుంటాయి. సంఖ్య తక్కువే, కానీ మెషీన్ నడపడంతో పాటు చిత్రాన్ని కొలవడం కూడా వచ్చినవారికి విలువ ఎక్కువ.

సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్ నోటిఫికేషన్ చూస్తూ ఉండండి. అర్హత ఉంటే ఈసారే అప్లై చేయండి. దరఖాస్తులో మీ ఈస్ట్ లెక్కలు రాయండి, తప్పిన ప్రయత్నాలతో సహా.