పాత ఎం3 సెడానా, కొత్త ఎం2 కూపేనా: వేగంలో తేడా సెకనులో పదో వంతు, ఖర్చులో తేడా అరకోటి

ప్రశ్న: నా వయసు 39 ఏళ్లు. హైదరాబాద్ శివారు తెల్లాపూర్‌లో సొంత ఫ్లాటులో ఉంటున్నాం. భార్యాభర్తలిద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగులం. ఇద్దరికీ కలిపి నెలకు 3.40 లక్షలు చేతికి వస్తాయి. ఇంటి రుణానికి 85 వేలు ఈఎంఐ కడుతున్నాం. ఈక్విటీ మ్యూచువల్ ఫండ్లలో పెట్టిన 46 లక్షలు ఇప్పుడు 78 లక్షలయ్యాయి. బ్యాంకులో 14 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్లున్నాయి. పిల్లల వయసు 11, 7 ఏళ్లు. బెంగళూరు రిజిస్ట్రేషన్ ఉన్న 2015 నాటి బీఎండబ్ల్యూ ఎం3 సెడాన్ (నాలుగు తలుపుల కారు) 52 లక్షలకు వస్తోంది. ఫండ్లు అమ్మి దాన్ని కొనాలా? లేక ఫండ్ల నుంచి 45 లక్షలు తీసి, మరో 80 లక్షలు ఏడేళ్లకు రుణం తీసుకొని అదే కంపెనీ కొత్త ఎం2 కూపే (రెండు తలుపుల కారు) కొనాలా? 2018 ఆడి ఆర్‌ఎస్5 కూపేను కూడా చూశాను. ఈ కూపేల ముందు పదేళ్ల నాటి సెడాన్ నిలవదని స్నేహితులు అంటున్నారు.

జవాబు: మీ ప్రశ్న డబ్బు గురించే అయినా, మీ నిర్ణయం స్నేహితుల చివరి మాట మీద ఆధారపడినట్లు కనిపిస్తోంది కాబట్టి ముందు దాని నిజమెంతో చూద్దాం. మీరు చెబుతున్న తరం ఎం3లో ఉన్నది మూడు లీటర్ల, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజిన్. దాని శక్తి 431 హార్స్‌పవర్, టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) 550 న్యూటన్ మీటర్లు. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌తో సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగానికి 4.1 సెకన్లలో చేరుతుందని కంపెనీ ప్రకటించింది. 2024లో మార్పులతో మన దేశానికి వచ్చిన ఎం2 కూపేకు 480 హార్స్‌పవర్ ఉంది, ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో తీసుకుంటే 600 న్యూటన్ మీటర్ల టార్క్ ఉంది, అదే వేగానికి పట్టే సమయం 4 సెకన్లు. అంటే దాదాపు పదేళ్ల సాంకేతిక ప్రగతికి, దాదాపు 50 హార్స్‌పవర్ల అదనపు శక్తికి దక్కిన ఫలితం సెకనులో పదో వంతు. కారణం బరువు. కొత్త కూపే రెండు తలుపులదే అయినా పాత సెడాన్ కంటే 150 కిలోలకు పైగా బరువెక్కువ, పెరిగిన శక్తిలో చాలా భాగం ఆ బరువును లాగడానికే సరిపోతుంది. టన్ను బరువుకు ఎన్ని హార్స్‌పవర్లు పడతాయని లెక్క వేస్తే రెండూ ఇంచుమించు ఒకే చోట తేలుతాయి.

ఆర్‌ఎస్5 సంగతి కొంచెం వేరు. 450 హార్స్‌పవర్, 600 న్యూటన్ మీటర్ల టార్క్‌తో పాటు నాలుగు చక్రాలకూ శక్తినందించే ఏర్పాటు దానికి ఉంది కాబట్టి 3.9 సెకన్లలో వందను అందుకుంటుంది. వానాకాలంలో తడి రోడ్డు మీద, వెనుక చక్రాలకే శక్తి వెళ్లే ఎం3, ఎం2ల కంటే అదే నిలకడగా ఉంటుంది. అయితే అది కూడా కొంత వయసు మీరిన దిగుమతి కారే. ఎం3కి నేను కింద చెప్పబోయే జాగ్రత్తలు చాలావరకు దానికీ వర్తిస్తాయి, పైగా రెండు తలుపుల కారులో ఎదిగే పిల్లలిద్దరినీ వెనుక సీట్లలో సర్దడం మీకు రోజువారీ పని అవుతుంది. ఇక ఈ వేగాన్ని వాడుకునే చోటు మాటకొస్తే, 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు మీద కూడా వేగవంతమైన వరుసల్లో పరిమితి గంటకు 120 కిలోమీటర్లే. మీరు రేసు ట్రాకుకు వెళ్లాలంటే మన ఊళ్లో తగినది లేదు, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టైకో, కోయంబత్తూరుకో ప్రయాణం కట్టాల్సిందే. ట్రాకు మీద ఒక్కో ల్యాపుకు సమయం కొలుచుకునే వారికి కొత్త కారు బ్రేకులు, టైర్లు, బిగువైన చట్రం తేడా చూపిస్తాయని ఒప్పుకుంటాను. తెల్లాపూర్ నుంచి ఆఫీసుకు, వారాంతంలో వికారాబాద్ వైపు వెళ్లి వచ్చే మీకు మాత్రం పాత సెడాన్ ఏ విషయంలోనూ వెలితిగా అనిపించదు.

పనితీరు వాదన అక్కడితో తీరిపోయింది కాబట్టి ఇప్పుడు ఖర్చుకు వద్దాం. ఎం2 షోరూం ధర 1.03 కోట్లు అనుకుంటే, తెలంగాణలో ఈ స్థాయి కారుకు జీవిత పన్ను 18 శాతానికి తక్కువ కాదు, అంటే అదొక్కటే కనీసం 18.5 లక్షలు. బీమా, ఇతర ఖర్చులు కలిపితే మీరు సమకూర్చుకోవాలనుకుంటున్న 1.25 కోట్లు (45 లక్షలు, 80 లక్షల రుణం) ఆన్‌రోడ్ ధరకు దాదాపు సరిపోతాయి. పది లక్షలు దాటిన కారు మీద అమ్మేవారు ఒక శాతం చొప్పున ముందే వసూలు చేసే ఆదాయపు పన్నును, అంటే టీసీఎస్‌ను, రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు కాబట్టి దాన్ని ఖర్చుగా చూడనవసరం లేదు. అసలు బరువు రుణానిది. ఏడాదికి 9 శాతం వడ్డీతో 80 లక్షలకు ఏడేళ్ల ఈఎంఐ దాదాపు 1,28,700 రూపాయలు. ఇంటి రుణంతో కలిపితే నెలకు 2.13 లక్షలకు పైగా వాయిదాలకే పోతాయి, అది మీ ఇద్దరి జీతంలో 63 శాతం. మీ ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి ఆరు నెలలు అంతరాయం కలిగితే చాలు, ఇంటి వాయిదా, కారు వాయిదాల్లో ఏది ముందు కట్టాలో తేల్చుకోవలసిన స్థితి వస్తుంది. ఐదేళ్ల తర్వాత షోరూం ధరలో సగానికి అమ్ముడుపోతుందని ఉదారంగా అనుకున్నా, విలువలో పోయేది 73 లక్షలు, ఆ ఐదేళ్లలో బ్యాంకుకు కట్టే వడ్డీ మరో 25 లక్షలు. పెట్రోలు, టైర్లు కలపకముందే ఖర్చు కోటి రూపాయలకు చేరువైంది. ఈ ప్రతిపాదనను పూర్తిగా పక్కన పెట్టమనే నా సలహా.

పాత ఎం3 లెక్క ఇంతకంటే ఎంతో మెరుగు. కొత్తగా వచ్చినప్పుడు 1.2 కోట్ల దరిదాపుల్లో ఉన్న కారు విలువలో పెద్ద భాగాన్ని మొదటి యజమాని ఎప్పుడో పోగొట్టుకున్నారు. మీరు 52 లక్షలకు కొని, ఐదేళ్ల తర్వాత 30 లక్షలకు అమ్మారనుకుంటే నష్టం 22 లక్షలు. మరమ్మతులకు, విడిభాగాలకు ఏడాదికి 4 లక్షల చొప్పున 20 లక్షలు వేసుకోండి. కొత్త కారుకయ్యే దానిలో సగం ఖర్చుతోనే ఐదేళ్లు గడుస్తాయి. ఏడాదికి 4 లక్షలు ఎక్కువని మీకు అనిపించవచ్చు గాని, ఈ తరగతి కార్లకు నాలుగు టైర్లు, బ్రేకు డిస్కులు ఒకే ఏడాదిలో మార్చవలసి వస్తే ఆ మొత్తంలో ఎంత మిగులుతుందో మీకే తెలుస్తుంది.

అయితే ఈ లెక్కంతా ఇంజిన్ క్షేమంగా ఉంటేనే నిలుస్తుంది. ఈ ఇంజిన్‌కు అందరికీ తెలిసిన బలహీనత ఒకటుంది. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్‌షాఫ్ట్ ముందు కొసన, వాల్వులను నడిపే టైమింగ్ గొలుసును తిప్పే పళ్లచక్రాన్ని కదలకుండా పట్టి ఉంచే మేకు వంటిదేమీ లేదు, ఒకే ఒక పెద్ద బోల్టు బిగింపు వల్ల పుట్టే రాపిడితోనే అది నిలబడుతుంది. ఆ పట్టు జారితే వాల్వుల సమయం తప్పి ఇంజిన్ దెబ్బతింటుంది. కంపెనీ ఇచ్చిన శక్తి చాలదని కంప్యూటర్‌లో ట్యూనింగ్ చేయించిన కార్లకు ఈ ముప్పు ఎక్కువ. కాబట్టి అమ్మేవారిని మొదట అడగవలసింది మైలేజీ గురించి కాదు, ఈ కారుకు ఎప్పుడైనా ట్యూనింగ్ చేయించారా, ఆ బిగింపు ఉండే చోటుకు, అంటే క్రాంక్ హబ్‌కు, బలమైన భాగం వేయించారా అనే. వేయిస్తే బిల్లు చూడండి, నోటి మాటను లెక్కలోకి తీసుకోవద్దు.

బీమా విషయంలో పాత కారు మీకు మరో చోట కత్తెర వేస్తుంది. ఐదేళ్లు దాటిన కారు విలువను, అంటే ఐడీవీని, బీమా సంస్థా మీరూ మాట్లాడుకొని నిర్ణయించుకోవాలి, భాగాల అరుగుదలను తగ్గించకుండా పరిహారమిచ్చే జీరో డిప్రిసియేషన్ రక్షణ పదేళ్లు దాటిన కారుకు దొరకడం కష్టం. అది లేనప్పుడు ప్రమాదం జరిగితే ప్లాస్టిక్, రబ్బరు భాగాల ఖరీదులో సగం, కారు వయసు పదేళ్లు దాటితే లోహపు భాగాల ఖరీదులోనూ సగం మీ జేబు నుంచే పోతుంది. ఇంజిన్‌లోకి నీళ్లు చేరితే పరిహారమిచ్చే అదనపు రక్షణ కూడా ఇంత పాత కారుకు అందని ద్రాక్షే. 2020 అక్టోబరు వరదల్లో మన నగరంలో ఎన్ని అపార్ట్‌మెంట్ల సెల్లార్లు నిండాయో మీకు గుర్తుండే ఉంటుంది. మీ పార్కింగ్ సెల్లార్‌లో అయితే ఈ అంశానికి ఎక్కువ విలువనివ్వండి.

బెంగళూరు రిజిస్ట్రేషన్‌ను కూడా తేలికగా తీసుకోవద్దు. అక్కడి రవాణా శాఖ నుంచి నిరభ్యంతర పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చి, కారు వయసును బట్టి ఇక్కడ జీవిత పన్ను కట్టి, టీజీ నంబరు వేయించుకోవాలి. ఆ పన్ను ఎంతవుతుందో బేరం కుదుర్చుకోకముందే ఆర్టీఏ కార్యాలయంలో రాతపూర్వకంగా తెలుసుకోండి. మీ పేరిట ఇప్పటికే కారు ఉంటే అదనపు పన్ను వర్తిస్తుందేమో కూడా అప్పుడే అడగండి. కేఏ నంబరుతోనే కొన్నాళ్లు తిప్పవచ్చని ఎవరైనా చెబితే వినవద్దు, పన్ను కట్టకుండా తిరిగే ఇతర రాష్ట్రాల ఖరీదైన కార్లను మన అధికారులు పట్టుకున్న సందర్భాలున్నాయి.

ఇంతవరకు ఎం2 కంటే ఎం3 మేలని చెప్పినా, ఎం3ని ఇప్పుడు కొనమని నేను చెప్పలేను. అందుకు కారణం ఆ కారులో లేదు, మీ 78 లక్షల్లో ఉంది. అందులోంచి 52 లక్షలు తీస్తే దాదాపు 21 లక్షలు లాభంగా లెక్కకొస్తాయి, 1.25 లక్షల మినహాయింపు పోను మిగిలిన దాని మీద 12.5 శాతం దీర్ఘకాలిక మూలధన లాభాల పన్ను, సెస్సు కలిపి 2.6 లక్షలవుతుంది. ముందు కొన్న యూనిట్లే ముందు అమ్మినట్లు లెక్కగడతారు, వాటి మీదే లాభం ఎక్కువ కాబట్టి అసలు పన్ను ఇంతకు మించే ఉంటుంది. పన్నును పక్కన పెట్టినా, మీ పెద్ద బిడ్డ ఇంకో ఏడేళ్లలో ఇంటర్ ముగిస్తారు. ఇదే 52 లక్షలు ఏడాదికి 10 శాతం చొప్పున పెరిగితే సరిగ్గా ఆ సమయానికి కోటి దాటుతాయి. మార్కెట్ అంత ఇస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు గాని, ఇద్దరు పిల్లల చదువుకు మీ దగ్గర మరో వనరు ఉన్నట్లు మీ ఉత్తరంలో కనిపించలేదు. అందువల్ల ఫండ్లలో 55 లక్షలను పిల్లల చదువుకు కేటాయించి, కారు కోసం దాన్ని తాకకూడదని మీ ఇద్దరూ కలిసి అనుకోండి. 14 లక్షల డిపాజిట్లు మీ ఇంటి ఖర్చులకు, వాయిదాలకు అత్యవసర నిధి, అవి కూడా కారుకు సంబంధించినవి కావు.

మిగిలేది 23 లక్షలు, పన్ను పోగా 22 లక్షలు. ఏడాదిన్నర ఆగి నెలకు 60 వేలు పక్కన పెట్టగలిగితే మరో 10.8 లక్షలు చేరుతాయి. అప్పటికి మీ చేతిలో 33 లక్షలకు తక్కువ కాకుండా ఉంటాయి, అందులో 5 లక్షలు మరమ్మతులకు విడిగా ఉంచుకోవాలి. ఎం3కి ఇది చాలదు, పైగా ఇంత పాత కారుకు చాలా బ్యాంకులు రుణమివ్వవు, ఎందుకంటే రుణం తీరే నాటికి కారు వయసు ఎంత ఉండాలో వాటికి ఒక పరిమితి ఉంటుంది.

అందుకే మీ జాబితాలో లేని కారు ఒకటి చెబుతాను. చెన్నైలో బిగించి 2021 మార్చిలో 62.90 లక్షల షోరూం ధరకు బీఎండబ్ల్యూ విడుదల చేసిన ఎం340ఐ సెడాన్‌కు 387 హార్స్‌పవర్, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నాయి. సున్నా నుంచి వందకు 4.4 సెకన్లు పడుతుంది, అంటే మీరు మనసుపడ్డ ఎం3 కంటే 0.3 సెకన్లు ఆలస్యం. అభిమానులు దాన్ని ఎం3, ఎం2ల వంటి అసలు సిసలైన ఎం కారుగా (బీఎండబ్ల్యూ వేగవంతమైన కార్ల శ్రేణి) ఒప్పుకోరు, వారి వాదనలో న్యాయం ఉంది కూడా. కానీ మీ కుటుంబానికి నాలుగు తలుపులు, తడి రోడ్డు మీద పట్టు ఇచ్చే కారు అది, వయసు తక్కువ కాబట్టి రుణం, మెరుగైన బీమా దొరికే అవకాశం కూడా ఎక్కువ. 28 లక్షలకు తోడు 15 లక్షలు ఐదేళ్లకు 11 శాతం వడ్డీతో తీసుకుంటే ఈఎంఐ 32,600 రూపాయలవుతుంది, ఇంటి వాయిదాతో కలిపినా జీతంలో 35 శాతం లోపే ఉంటుంది. కాబట్టి ఏడాదిన్నర తర్వాత 43 లక్షల లోపు దొరికే, ఒకే యజమాని వాడిన, తెలంగాణ రిజిస్ట్రేషన్ ఉన్న ఎం340ఐని వెతకండి.

ప్రస్తుతానికి ఎం3 యజమానికి అడ్వాన్సు ఇవ్వవద్దు. పక్కన పెట్టే 60 వేలను ఈక్విటీ ఫండులో కాకుండా రికరింగ్ డిపాజిట్‌లోనో, లిక్విడ్ ఫండులోనో వేయండి, ఏడాదిన్నర గడువున్న డబ్బుకు మార్కెట్ ఒడిదుడుకులు భరించే వ్యవధి లేదు. ఫండ్ల అమ్మకాన్ని మార్చిలో కొంత, ఏప్రిల్‌లో కొంతగా రెండు ఆర్థిక సంవత్సరాలకు పంచితే 1.25 లక్షల మినహాయింపు రెండుసార్లు దక్కుతుంది. మీ శ్రీమతి పేరిట కూడా ఫండ్లు ఉంటే ఆమె మినహాయింపును కూడా వాడుకోండి.