పాఠకుల ప్రశ్నలు: చామయ్య మేష్ట్రుగా నిలిచిపోయిన కె.ఎస్. అశ్వత్థ్

కన్నడ చిత్రాలలో తండ్రి పాత్రలకు పేరొందిన కె.ఎస్. అశ్వత్థ్ గురించి పాలమూరు, నల్లగొండ ప్రాంతాల పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈసారి శీర్షిక మొత్తాన్ని కేటాయిస్తున్నాము.

ప్రశ్న: మా ఇంటి పెద్దలు రాయచూరు వెళ్లి కన్నడ సినిమాలు చూసి వచ్చేవారు. ‘నాగరహావు’ (నాగుపాము)లోని చామయ్య మేష్ట్రు (మాస్టారు) గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ పాత్ర వేసిన నటుని జీవిత విశేషాలు తెలుపగలరు.
– ఒక పాఠకురాలు, నారాయణపేట

జవాబు: ఆయన పూర్తి పేరు కరగనహళ్లి సుబ్బరాయ అశ్వత్థనారాయణ. 1925 మార్చి 25న మైసూరులో జన్మించారు. సినిమాలలోకి రాకముందు ఫుడ్ ఇన్‌స్పెక్టరుగా ప్రభుత్వోద్యోగం చేశారు. రంగస్థలం మీద, మైసూరు ఆకాశవాణి నాటకాలలో నటించారు. ముఖం కనబడని రేడియోలో గొంతు ఒక్కటే నటుని ఆస్తి కనుక, మాటకు ముందు ఎంతసేపు ఆగాలో, ఏ అక్షరం మీద బరువు దించాలో ఆయనకు అక్కడే పట్టుబడి ఉంటుందని నా నమ్మకం. 1955లో ‘స్త్రీ రత్న’ చిత్రంతో వెండితెరకు వచ్చారు. ఆ ఏటికి మీ నారాయణపేట, పెద్దలు సినిమాకు వెళ్లిన రాయచూరు రెండూ ఇంకా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉన్నాయి. 1956 నవంబరులో రాష్ట్రాల పునర్విభజన జరిగాకనే రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది.

నాలుగు దశాబ్దాలకు పైబడిన నట జీవితంలో ఆయన 350కి పైగా చిత్రాలలో కనిపించారు. వాటిలో అధికభాగం తండ్రులు, ఉపాధ్యాయులు, నమ్మకస్తులైన ఇంటి పెద్దల పాత్రలే. లీలావతి, పండరీబాయి ఆయన సరసన ఎన్నో చిత్రాలలో భార్యగా నటించారు. కర్ణాటక ప్రభుత్వం ఆయనను డాక్టర్ రాజ్‌కుమార్ పురస్కారంతో సత్కరించింది. 2010 జనవరి 18న మైసూరులో కన్నుమూశారు. ఆయన కుమారుడు శంకర్ అశ్వత్థ్ కూడా నటుడే.

ప్రశ్న: ‘నాగరహావు’ తెలుగులో ‘కోడెనాగు’గా వచ్చినప్పుడు మాస్టారి పాత్రను ఆత్రేయ గారు వేశారు. ఇద్దరిలో ఎవరు మిన్న? అసలు ఆ మాస్టారు చేసిన పని న్యాయమైనదేనా? నేను ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినవాడిని కనుక ఈ సందేహం నన్ను వదలదు.
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, మక్తల్

జవాబు: సారూ, మీ రెండవ ప్రశ్నకు జవాబు దొరికితే మొదటిదానికీ దొరికినట్లే. ‘నాగరహావు’ 1972లో పుట్టణ్ణ కణగాల్ దర్శకత్వంలో వచ్చింది, త.రా. సుబ్బారావు రాసిన మూడు నవలలను కలిపి దానికి కథగా అల్లారు. చిత్రదుర్గ కోట నేపథ్యంగా సాగే ఈ కథలో రామాచారి అనే ముక్కోపి కుర్రవాడిని కన్నవారికన్నా ఎక్కువగా అర్థం చేసుకుని, అక్కున చేర్చుకునేది చామయ్య మేష్ట్రు, ఆయన భార్య తుంగమ్మ. ఊరంతా కోపిష్ఠి పామని తిట్టినవాడు ఆ ఒక్క ఇంటి గడపలో మాత్రం తల వంచుతాడు. అటువంటి గురువు, శిష్యుడు అలమేలును ప్రేమించాడని తెలిసినప్పుడు కులం అడ్డమని, త్యాగం గొప్పదని నచ్చజెప్పి ఆ ప్రేమను తుంచివేస్తాడు. అలమేలు బతుకు చివరకు వేశ్యావృత్తి పాలైందని రామాచారికి తెలిసిన తర్వాత ఆ నచ్చజెప్పడానికి ఎంత మూల్యం చెల్లించవలసి వచ్చిందో ప్రేక్షకునికీ తెలుస్తుంది. ఆ తర్వాత రామాచారి ప్రేమించిన క్రైస్తవ యువతి మార్గరెట్ విషయంలో కూడా గురువు మళ్లీ అడ్డు నిలవగా, కొండకొమ్మున శిష్యుని చేతిలోనే ఆయన ప్రాణం పోతుంది.

కనుక ఆ మాస్టారు చేసింది న్యాయం కాదు. అయితే ప్రేమ లేక చేసిన అన్యాయమూ కాదు. అశ్వత్థ్ ప్రతిభ ఇక్కడే ఉందని నేను భావిస్తాను. శిష్యుని వలపును తుంచే సమయంలో ఆయన ముఖంలో కాఠిన్యం గాని, కపటం గాని, ‘నేను తప్పు చేస్తున్నాను’ అని ప్రేక్షకునికి ముందే చేసే సైగ గాని కనిపించవు. అంతవరకు ఆ పిల్లవాడికి అన్నం పెట్టిన ఆప్యాయతతోనే, అదే మెత్తని గొంతుతో, ఆయన అతని జీవితాన్ని తప్పుదారి పట్టిస్తారు. దుర్మార్గుడైన పెద్దమనిషిని ద్వేషించి ఊరుకోవచ్చు, మంచివాడైన పెద్దమనిషి పొరబడితే ఎవరిని నిందించాలో తోచదు. రామాచారిగా నటించిన, అప్పటికి 22 ఏళ్ల విష్ణువర్ధన్‌కు కథానాయకునిగా అదే తొలి చిత్రం. ఆ కుర్రవాని ఆవేశం అంతగా రాణించడానికి ఎదుట నిలిచిన ఆ నెమ్మది చాలావరకు కారణం. ఈ పాత్రకు అశ్వత్థ్ రాష్ట్ర ఉత్తమ సహాయ నటుని పురస్కారం అందుకున్నారు.

1974లో కె.ఎస్. ప్రకాశరావు దర్శకత్వంలో వచ్చిన ‘కోడెనాగు’లో శోభన్‌బాబు నాయకుడు. ఆత్రేయ గారు ప్రధానంగా కవి, సంభాషణల రచయిత. తెరమీద ఆయన నిలబడితే పాటలు రాసిన ఆ మనిషే ముందుగా కనబడతారు, ఆ గౌరవం పాత్రకు కలిసి వస్తుంది. అశ్వత్థ్ విషయంలో నటుడు కనబడడు, బడి పంతులే కనబడతాడు. అందువల్ల నా ఓటు మైసూరు వారికే. అదే ఏడాది హిందీలో పుట్టణ్ణే తీసిన ‘జహరీలా ఇన్సాన్’లో గురువుగా ప్రాణ్ నటించారన్నది కొసరు సమాచారం.

ప్రశ్న: అశ్వత్థ్ గారు తత్వాలకు బాణీలు కట్టి పాడేవారని మా భజన బృందంలో ఒకరు అంటారు. నిజమేనా?
– ఒక పాఠకుడు, గద్వాల

జవాబు: ఆయన సి. అశ్వత్థ్, వేరే వ్యక్తి. కన్నడ భావగీతాలకు, కన్నడ తత్వకవి శిశునాళ షరీఫ్ తత్వాలకు తన బాణీలతో, గళంతో ప్రాణం పోసిన సంగీత దర్శకుడు. ఇద్దరూ కొద్ది రోజుల తేడాలో మరణించడంతో ఈ గందరగోళం ఇంకా పెరిగింది. సి. అశ్వత్థ్ 2009 డిసెంబరు 29న, ఆ మరుసటి రోజే విష్ణువర్ధన్, తర్వాత మూడు వారాలు తిరగకముందే కె.ఎస్. అశ్వత్థ్ వెళ్లిపోయారు. తెరమీది శిష్యుడు ముందు, గురువు వెనుక.

ప్రశ్న: మన తుంగతుర్తి నుంచి వెళ్లిన డాక్టర్ ప్రభాకర్ రెడ్డి గారితో అశ్వత్థ్‌ను పోల్చవచ్చునా?
– ఒక పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఉద్యోగమో వృత్తియో చేతిలో ఉండగా నటనను ఎంచుకోవడం వరకు పోలిక కుదురుతుంది. ప్రభాకర్ రెడ్డి గారు వైద్యులు, 1960లో ‘చివరకు మిగిలేది’తో తెరకు వచ్చారు. కాని ఆయన ప్రతినాయకునిగాను, సాత్వికునిగాను సమానంగా మెప్పించి, కథలు కూడా రాసిన బహుముఖుడు. అశ్వత్థ్ పరిధి అంత విస్తారమైనది కాదు. ఆయన ఒకే బావిని లోతుగా తవ్వినవారు.

నన్నడిగితే సరైన జోడీ గుమ్మడి వెంకటేశ్వరరావు గారు. 1927లో పుట్టిన గుమ్మడి, వయసులో తనకన్నా పెద్దలైన ఎన్.టి. రామారావుకు, నాగేశ్వరరావుకు తెరమీద పెద్దరికం వహించారు. అశ్వత్థ్ కూడా తనకన్నా నాలుగేళ్లు మాత్రమే చిన్నవాడైన రాజ్‌కుమార్‌కు ‘ఎరడు కనసు’లో తండ్రి. జుట్టుకు తెల్లరంగు పూసినంత మాత్రాన ముసలితనం రాదు; కూర్చునే తీరులో, కొడుకు మాటకు జవాబివ్వడానికి తీసుకునే వ్యవధిలో అది రావాలి. ఈ కిటుకు ఇద్దరికీ తెలుసు. తేడా ఏమంటే గుమ్మడికి ‘మహామంత్రి తిమ్మరుసు’ వంటి నాయక పాత్ర దక్కింది, అశ్వత్థ్ మాత్రం ఎక్కువగా పక్కనే నిలబడి వెలిగారు. గుమ్మడి గారు కూడా 2010 జనవరిలోనే, 26వ తేదీన, పరమపదించారు.

ప్రశ్న: నాకు కన్నడం రాదు. ఆయన సినిమాలు చూడాలంటే వేటితో మొదలుపెట్టాలి?
– ఒక డిగ్రీ విద్యార్థిని, వనపర్తి

జవాబు: ముందు ‘కోడెనాగు’ చూసి, కథ తెలిసిన తర్వాత ‘నాగరహావు’ చూడండి, మాట అర్థం కాకపోయినా సన్నివేశం అర్థమవుతుంది. ఇదే పద్ధతిలో మన ‘కల్యాణ మంటపం’ (1971) తర్వాత దాని మాతృక ‘గెజ్జె పూజె’ (1969), ‘పూజ’ (1975) తర్వాత ‘ఎరడు కనసు’ (1974) చూడవచ్చు. రాజ్‌కుమార్ నటించిన ‘కస్తూరి నివాస’ (1971)లో, ఇచ్చి ఇచ్చి చితికిపోయిన యజమానిని విడిచిపెట్టని రామయ్యగా అశ్వత్థ్ చేసిన నటనను తప్పక చూడండి. ఈ చిత్రాన్ని 2014లో రంగులద్ది తిరిగి విడుదల చేశారు గాని, దొరికితే పాత నలుపు తెలుపు ప్రతినే చూడమని నా సలహా. ఆ ముఖంలోని గీతలు అందులోనే స్పష్టంగా ఉంటాయి.