డ్రాఫ్ట్ పిక్ కోసం ఓడిపోవడం: ఫిలడెల్ఫియాలో చూసినంత మేరకు నా సమాధానం

అమెరికా ఎన్‌బీఏ లీగ్‌లోని ఒక బాస్కెట్‌బాల్ జట్టు వచ్చే డ్రాఫ్ట్‌లో మంచి పిక్ దక్కించుకోవడానికి ఈ సీజన్‌లో కావాలని ఓడిపోవచ్చా అని మీరు అడిగారు. డ్రాఫ్ట్ అంటే జట్లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకోవడం, పిక్ అంటే ఆ వంతు; ఎక్కువగా ఓడిన జట్లకు ముందు వంతు వచ్చే అవకాశం ఎక్కువ. ఓడిపోకూడదన్నదే నా అభిప్రాయం. ఇది క్రీడాస్ఫూర్తి దెబ్బతింటుందన్న బాధతో చెబుతున్న మాట కాదు. ఈ పద్ధతిని అందరికంటే నిర్మొహమాటంగా అమలు చేసిన ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ (సిక్సర్స్) ఆటను, ఆ ఊళ్లో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో దగ్గర నుంచి చూశాను కాబట్టి, ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో నాకు తెలిసినంత వరకు రాస్తున్నాను.

ముందు ఓడిపోయేది ఎవరన్నది తేల్చుకోవాలి. కోర్టులో ఉన్న ఆటగాడు కావాలని బంతిని రింగు పక్కకు విసరడు, కోచ్ కావాలని తప్పుడు వ్యూహం పన్నడు. ఓటమిని వేసవిలోనే, ఆఫీసు గదిలోనే సిద్ధం చేస్తారు. 2013లో ఆ జట్టుకు జనరల్ మేనేజర్‌గా, అంటే ఆటగాళ్లను ఎంచుకునే అధికారిగా వచ్చిన శామ్ హింకీ చేసింది సరిగ్గా ఇదే. ఆ ఏడాది డ్రాఫ్ట్ రాత్రే, అప్పటికే ఆల్‌స్టార్‌గా, అంటే లీగ్‌లోని మేటి ఆటగాళ్లలో ఒకడిగా ఎంపికైన జ్రూ హాలిడేను న్యూ ఆర్లియన్స్‌కు ఇచ్చేసి, మోకాలి గాయంతో ఆ సీజన్ మొత్తం కూర్చోబోతున్న నెర్లెన్స్ నోయెల్‌నూ, మరుసటి ఏటి మొదటి రౌండ్ పిక్‌నూ తీసుకున్నాడు. 2014లో మూడో పిక్‌తో ఎంచుకున్న జోయెల్ ఎంబీడ్ పాదం గాయం వల్ల రెండు సీజన్లు కోర్టులో అడుగు పెట్టలేదు. అదే రాత్రి సంపాదించిన డారియో షారిచ్ మరో రెండేళ్లు తుర్కియేలోనే ఆడాడు. అంటే విలువంతా రేపటిదే అయిన ఆటగాళ్లను పోగు చేసి, ఈ రోజు గెలిచే దారిని మూసివేశాడన్నమాట. 82 ఆటల సీజన్‌లో ఆ జట్టు వరుసగా మూడేళ్లు గెలిచినవి 19, 18, 10. మొదటి ఏడాది ఏకబిగిన 26 ఆటలు ఓడిపోయింది.

ఆ రోజుల్లో టికెట్లు ఎంత చవకగా దొరికేవంటే, స్టేడియంలో కారు నిలిపే రుసుము కంటే తక్కువకు సీటు వచ్చిన సందర్భాలున్నాయి. అందుకే నాలాంటి జీతగాడు పని ముగిశాక బ్రాడ్ స్ట్రీట్ లైన్ రైలెక్కి, చివరి స్టేషన్‌లో దిగి, తరచుగా ఆట చూడగలిగాడు. సగం ఖాళీగా ఉన్న హాలులో కిందివరుసలో కూర్చుంటే ఆటగాళ్ల బూట్ల కీచుశబ్దం కూడా వినబడేది. అక్కడ నేను గమనించిన మొదటి విషయం, ఓడిపోవడానికే కట్టిన ఆ జట్టులో ఆడుతున్నవాళ్లెవరూ ఓడిపోవడానికి ఆడడం లేదన్నది. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోని టి.జె. మెక్‌కానెల్, ఎదుటి జట్టు బాస్కెట్ వేయించుకుని బంతిని బయటి నుంచి నెమ్మదిగా లోపలికి అందిస్తున్నప్పుడు, వెనక్కి వెళ్లిపోతున్నట్టు రెండడుగులు వేసి, హఠాత్తుగా తిరిగి ఆ బంతిని లాక్కునేవాడు. ఇరవై పాయింట్లు వెనకబడి ఉన్నప్పుడు కూడా అదే పని చేసేవాడు. పది రోజుల కాంట్రాక్టు మీద వచ్చిన మరొకడికి ఆ పది రోజులే జీవితం. యాజమాన్యం 2018 గురించి ఆలోచిస్తోందని అతనికి చెబితే ఏం ప్రయోజనం?

2015 డిసెంబరు 1న మాత్రం హాలు నిండిపోయింది. ఫిలడెల్ఫియా ప్రాంతంలోనే పెరిగిన కోబీ బ్రయంట్ ఆ సీజన్‌తో విరమిస్తున్నానని అప్పుడే ప్రకటించాడు, లాస్ ఏంజెలిస్ లేకర్స్ తరఫున సొంత ఊళ్లో అదే అతని ఆఖరి ఆట. ఆట మొదలైన రెండు నిమిషాల్లోపే వరుసగా మూడు పాయింట్ల షాట్లు వేసేసరికి హాలంతా లేచి నిలబడింది. తరువాత గురి తప్పింది; మొత్తం 26 షాట్లలో ఏడే పడ్డాయి. సిక్సర్స్ 103–91తో గెలిచి, సీజన్ ఆరంభం నుంచి వరుసగా సాగిన 18 ఓటములకు తెర దించింది.

ఇక్కడే ఈ పద్ధతిలోని వికారం స్పష్టంగా కనబడుతుంది. పాత ఒప్పందాల వల్ల, లేకర్స్ పిక్ మొదటి మూడు స్థానాల్లో రాకపోతే అది ఫిలడెల్ఫియాకు చెందాలి. కనుక లేకర్స్ ఎంత ఎక్కువగా ఓడితే ఆ పిక్ వాళ్లకే మిగిలే అవకాశం అంత పెరుగుతుంది. ఆ రాత్రి గెలుపు వల్ల సిక్సర్స్ తన లాటరీ (డ్రాఫ్ట్‌లో మొదటి వంతులు ఎవరివో తేల్చే చీటీల పద్ధతి) అవకాశాన్ని తానే కొంచెం తగ్గించుకోవడమే కాక, తనకు రావలసిన మరో పిక్‌ను కూడా కొంచెం దూరం నెట్టుకుంది. లెక్కప్రకారం సొంత జట్టు ఓడితేనే మేలు, జనం మాత్రం గొంతు పగిలేలా కేకలు వేస్తున్నారు. గెలుపు వల్ల నష్టపోయే స్థితికి ఒక సంస్థను తెచ్చిన తరువాత, దాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు.

ఇంతకీ ఆ మూడేళ్ల ఓటములకు దక్కిందేమిటి? హింకీ 2016 ఏప్రిల్‌లో పదమూడు పేజీల లేఖ రాసి రాజీనామా చేశాడు. తరువాతి నెలలోనే లాటరీలో మొదటి పిక్ వచ్చింది. దానితో తీసుకున్న బెన్ సిమన్స్ చివరికి జట్టుతో చెడి 2022లో వెళ్లిపోయాడు. 2015లో మూడో పిక్‌గా వచ్చిన జలీల్ ఒకాఫర్ నిలవలేదు. 2017లో బోస్టన్‌కు అదనంగా పిక్ ఇచ్చి మరీ మొదటి స్థానం కొని తెచ్చుకున్న మార్కెల్ ఫుల్ట్స్ భుజం సమస్యతో ఫిలడెల్ఫియాకు ఆడింది 33 ఆటలే. అదే డ్రాఫ్ట్‌లో బోస్టన్ మూడో పిక్‌తో జేసన్ టేటమ్‌ను తీసుకుంది. ఎంబీడ్ ఒక్కడే నిజంగా ఫలించాడు, 2023లో ఎంవీపీ, అంటే లీగ్‌లో ఆ సీజన్ అత్యుత్తమ ఆటగాడు కూడా అయ్యాడు. ఆ తరువాత జట్టుకు దొరికిన మరో మేటి ఆటగాడు టైరీస్ మాక్సీ 2020లో 21వ పిక్; అతని కోసం ఎవరూ ఓడిపోలేదు. ఎంబీడ్ ఆడడం మొదలుపెట్టాక కూడా, నాకు తెలిసినంతలో, ఆ జట్టు ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర టైటిల్ కోసం జరిగే పోటీల్లో) రెండో రౌండ్ దాటలేదు.

పైగా ఆ తరువాత నియమాలు మారాయి. అప్పట్లో అట్టడుగు జట్టుకు మొదటి పిక్ వచ్చే అవకాశం 25 శాతం ఉండేది. 2019లో దాన్ని చివరి మూడు జట్లకూ సమానంగా 14 శాతానికి తగ్గించారు. అందరికంటే ఘోరంగా ఓడిన జట్టు ఐదో స్థానానికి జారిపోయే అవకాశం 47.9 శాతం. డెట్రాయిట్ పిస్టన్స్ 2022–23లో 17 ఆటలే గెలిచి అట్టడుగున నిలిస్తే ఐదో పిక్ వచ్చింది. మరుసటి ఏడాది 28 ఆటలు వరుసగా ఓడి, 14 గెలుపులతో మళ్లీ అట్టడుగున నిలిస్తే మళ్లీ ఐదో పిక్కే వచ్చింది. 2025లో యూటా జాజ్‌కూ అదే గతి; ఆ ఏడాది 1.8 శాతం అవకాశమే ఉన్న డల్లాస్ మొదటి పిక్ గెలిచి కూపర్ ఫ్లాగ్‌ను తీసుకుంది. డెట్రాయిట్ కోలుకున్నది మరో లాటరీతో కాదు: 2021 నాటి మొదటి పిక్ కేడ్ కన్నింగ్‌హమ్ చుట్టూ టోబయాస్ హ్యారిస్ వంటి అనుభవజ్ఞులను చేర్చి, కోచ్‌ను మార్చి, 2024–25లో 44 ఆటలు గెలిచింది.

ఓక్లహోమా సిటీ సంగతేమిటని మీరు అడుగుతారు, అడగాలి కూడా. వాళ్లు 2021లో పూర్తి ఆరోగ్యంగా ఉన్న అల్ హోర్ఫర్డ్‌ను కూర్చోబెట్టి మరీ ఓడారు, 2022లో రెండో పిక్‌తో చెట్ హోమ్‌గ్రెన్‌ను తెచ్చుకున్నారు, 2025లో టైటిల్ గెలిచారు. అయితే ఆ జట్టుకు ప్రాణమైన షాయ్ గిల్జియస్-అలెగ్జాండర్ 2019లో తమ మేటి ఆటగాడు పాల్ జార్జ్‌ను క్లిప్పర్స్ అనే జట్టుకు ఇచ్చిన ఒప్పందంలో వచ్చాడు, జేలెన్ విలియమ్స్ పన్నెండో పిక్, అది కూడా క్లిప్పర్స్ నుంచి వచ్చినదే. వాళ్ల విజయంలో ఓటమి వాటా ఉంది, నేను కాదనను. కాని పెద్ద వాటా బేరం తెలిసిన మేనేజరుది.

మన హైదరాబాద్ డెక్కన్ చార్జర్స్ 2008 ఐపీఎల్‌లో రెండే ఆటలు గెలిచి చివరన నిలిచి, మరుసటి ఏడాదే కప్పు గెలిచింది. చివరన ఉన్నందుకు దానికెవరూ ఆటగాణ్ణి బహుమానంగా ఇవ్వలేదు. రెండు క్రీడల తీరు వేరు, బాస్కెట్‌బాల్‌లో ఒక్క ఆటగాడి ప్రభావం చాలా ఎక్కువ అన్నది నిజమే.

నా చేతిలో ఉంటే మాత్రం లాటరీ శాతాల జోలికి పోకుండా, ముందుగా షరతులతో పిక్‌లు మార్చుకునే పద్ధతినే తీసివేస్తాను. 2023 ఏప్రిల్‌లో డల్లాస్ తన పిక్ మొదటి పదిలో రాకపోతే న్యూయార్క్‌కు పోతుందన్న షరతు కారణంగా, ప్లేఆఫ్స్ ఆశ ఇంకా ఉండగానే ప్రధాన ఆటగాళ్లను షికాగోపై ఆడనివ్వక, 7,50,000 డాలర్ల జరిమానా కట్టి, పిక్‌ను మాత్రం నిలుపుకుంది. ఆ జరిమానా ఆ యాజమాన్యానికి ఏ మూలకు?